స్టీల్ హార్డ్‌టెయిల్ ఫ్రేమ్ ఎంచుకోవడం ఎలా: మెట్టల మీదా, గెడ్డల వెంటా తొక్కేవాళ్ల కోసం

"అన్నా, ఈ రెండిట్లో ఏ ఫ్రేమ్ తీసుకోమంటావ్?" అంటూ హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ బైక్) కొనేవాళ్ల నుంచి మెసేజీలు వస్తూనే ఉన్నాయి. పక్కన రెండు ఫొటోలు ఉంటాయి. ఫొటో చూసి నేను చెప్పగలిగింది రంగు బాగుందో లేదో, అంతే. ఫ్రేమ్ ఎంపికంతా కొలతల్లో ఉంది. ఆ కొలతల్ని ఏ వరసలో చూడాలో తెలిస్తే ఎవర్నీ అడగక్కర్లేదు.

వరస ఇది: ముందు దారి, తర్వాత మన ఒళ్లు, తర్వాత జామెట్రీ (ఫ్రేమ్ కోణాలు, పొడుగులు), తర్వాత ఏ భాగాలు ఎక్కుతాయి, చివర్లో స్టీలు రకం. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు. గొట్టం మీద స్టిక్కర్ చూసి మురిసిపోయి డబ్బు కట్టేస్తారు. నేనూ అదే చేశాను. ఆ కథ నాలుగో అంకె దగ్గర చెప్తా.

ఇంకో సంగతి. నేనుండేది విజయనగరం. మౌంటెన్ బైక్ విడిభాగం కావాలంటే దాదాపు 60 కిలోమీటర్లు విశాఖ పోవాలి, లేదా కొరియర్ కోసం కూర్చోవాలి. శ్రీకాకుళం వాళ్లకైతే దూరం దాదాపు రెట్టింపు. అందుకే ఇక్కడ చెప్పే ప్రతి సలహాలోనూ "ఇది పాడైతే దొరుకుతుందా?" అన్న ప్రశ్న కలిసే ఉంటుంది.

## 1. ముందు మీ దారి కాగితం మీద పెట్టండి

గత రెండు నెలల్లో మీరు నిజంగా తొక్కిన దారులు రాయండి. వీడియోల్లో చూసి తొక్కాలనుకున్నవి వద్దు.

మన రెండు జిల్లాల్లో నేల ఊరూరికీ మారుతుంది. రామతీర్థం చుట్టుపక్కల మెట్టల మీద ఎర్రమట్టి, దానిపైన గోళీల్లా దొర్లే గులక. ఉద్దానం వైపు కొబ్బరి, జీడితోటల మధ్య ఇసుక. తాటిపూడి, ఎస్.కోట దాటి అనంతగిరి వైపు ఎక్కితే రాళ్లు, చెట్ల వేళ్లు, వానాకాలంలో జారే ఆకులు. మధ్యలో ఎటు పోయినా వరి గట్లు.

ఇసుకలో ఎక్కువ తిరిగేవాళ్లకి టైరు వెడల్పే మొదటి ప్రశ్న. గులక మీద వేగంగా దిగేవాళ్లకి ముందు చక్రం కాస్త ముందుకి చాచినట్టున్న ఫ్రేమ్ ధైర్యాన్నిస్తుంది. గట్ల మీద మెలికలు తిరిగేవాళ్లకి అదే ఫ్రేమ్ బరువైన ఎడ్లబండిలా తోస్తుంది.

కాగితం మీద తప్పకుండా ఉండాల్సినవి:

- ఇంటి నుంచి ట్రైల్ మొదలయ్యే చోటుకి తారు రోడ్డు ఎన్ని కిలోమీటర్లు
- ఎక్కువసేపు తొక్కేది ఇసుకా, గులకా, రాళ్లా
- వానల్లో కూడా తొక్కుతారా, లేక బండి ఇంట్లో పెట్టేస్తారా
- ఇప్పటికే చేతిలో ఉన్న భాగాలు: ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే చీలిక), చక్రాలు, క్రాంకులు (పెడల్స్ బిగించే చేతులు)

మొదటి ప్రశ్నని చిన్నచూపు చూడకండి. మనలో చాలామంది కారులో సైకిల్ తీసుకెళ్లరు. పదిహేను, ఇరవై కిలోమీటర్లు తారు మీద తొక్కి, అప్పుడు మట్టి ఎక్కుతారు. అలాంటివాళ్లకి బాగా దిగుడు దారుల కోసం చేసిన ఫ్రేమ్ రోజూ తలనొప్పే.

అన్నట్టు, రామతీర్థం కొండ మెట్లు, గురుభక్తులకొండ మీది పాత అవశేషాలు, శాలిహుండం స్తూపాల ఆవరణ మీ జాబితాలో ఉంటే కొట్టేయండి. అక్కడ చక్రం పెట్టకూడదు.

## 2. మీ ఒళ్లు కొలుచుకోండి

పొడుగెంత అని అడిగితే అందరూ రెండు సెంటీమీటర్లు కలిపే చెప్తారు. పెళ్లిచూపులకి చెల్లుతుంది గానీ ఫ్రేముకి చెల్లదు.

పొడుగుతో పాటు ఇన్‌సీమ్ కావాలి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని, పాదాలు జానెడు ఎడంగా పెట్టి నిలబడండి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, సీటు మీద కూర్చున్నప్పుడు ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి నొక్కండి. పుస్తకం పై అంచు గోడకి తగిలిన చోట ఇంట్లో ఎవరిచేతైనా పెన్సిల్ గీత పెట్టించండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీ ఇన్‌సీమ్. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

దీన్నుంచి రెండు లెక్కలు వస్తాయి.

ఒకటి, స్టాండోవర్. నేల నుంచి టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై గొట్టం) దాకా ఉండే ఎత్తు మీ ఇన్‌సీమ్ కంటే కనీసం 5 సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. గులక మీద కాలు జారినప్పుడు ఈ 5 సెంటీమీటర్ల విలువ తెలుస్తుంది.

రెండు, సీటు ఎత్తు. ఇన్‌సీమ్‌ని 0.88తో గుణిస్తే బాటమ్ బ్రాకెట్ (క్రాంకులు తిరిగే ఇరుసు గూడు, పొట్టిగా బీబీ) మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం ఉజ్జాయింపుగా వస్తుంది. ఇన్‌సీమ్ 80 సెంటీమీటర్లయితే దాదాపు 704 మి.మీ. ఫ్రేమ్ సీట్ ట్యూబ్ (సీట్‌పోస్ట్ దిగే గొట్టం) 420 మి.మీ. అనుకుందాం. మిగిలింది 284. 150 మి.మీ. డ్రాపర్ పోస్ట్‌కి (మీట నొక్కితే సీటు కిందికి దిగే పోస్ట్) దాని తలకాయ, సీటు మందం కలిపి 240, 250 దాకా కావాలి. కాబట్టి పడుతుంది. అదే 480 సీట్ ట్యూబ్ ఉన్న పాతకాలం ఫ్రేమ్ అయితే 224 మిగులుతుంది, పట్టదు. కొన్నాక ఈ లెక్క వేసి లాభం లేదు.

స్మాల్, మీడియం, లార్జ్ అన్న అక్షరాల్ని అసలు చూడకండి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీకి స్మాల్. రీచ్ చూడండి: బాటమ్ బ్రాకెట్ నుంచి హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దిగే ముందు గొట్టం) పైకొసకి అడ్డంగా ఉన్న దూరం. నా చుట్టూ తొక్కేవాళ్లని చూసి నేను పెట్టుకున్న అంచనాలివి: 160 నుంచి 167 సెం.మీ. పొడుగున్నవాళ్లకి 410–430 మి.మీ. రీచ్, 168 నుంచి 175 వాళ్లకి 430–455, 176 నుంచి 183 వాళ్లకి 455–480. రెండు సైజుల మధ్య ఊగిసలాడుతుంటే, తారు ఎక్కువ తొక్కేవాళ్లు చిన్నది, దిగుళ్లు ఎక్కువున్నవాళ్లు పెద్దది తీసుకోండి.

## 3. జామెట్రీ పట్టికలో ఆరు గడులు చాలు

పట్టికలో ఇరవై గడులుంటాయి. కంగారు పడకండి. ఆరు చూస్తే సరిపోతుంది.

రీచ్: పెడల్స్ మీద నిలబడినప్పుడు హ్యాండిల్ ఎంత దూరంలో ఉంటుందో చెప్తుంది. పైన చూశాం.

స్టాక్: హ్యాండిల్ ఎంత ఎత్తులో మొదలవుతుందో చెప్తుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లు ఇది కాస్త ఎక్కువున్నది చూసుకోవాలి. తక్కువుంటే స్పేసర్లతో (హ్యాండిల్ కింద పెట్టే ఉంగరాలు) కొంత సర్దొచ్చు.

హెడ్ యాంగిల్: నేలతో హెడ్ ట్యూబ్ చేసే కోణం. ఇది తగ్గేకొద్దీ ముందు చక్రం ముందుకి చాచుకుంటుంది, దిగుడులో నిలకడ పెరుగుతుంది, నెమ్మదిగా పోయేటప్పుడు హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. మన దారులకి 65.5 నుంచి 67 డిగ్రీల మధ్య ఉంటే సరిగ్గా ఉంటుందని నా అభిప్రాయం. 64 ఉన్నవి బాగుంటాయి, కానీ వాటికి తగిన కొండలు మన గడప ముందు లేవు.

సీట్ యాంగిల్: నేలతో సీట్ ట్యూబ్ చేసే కోణం. 74 నుంచి 76 డిగ్రీలు. ఇది నిటారుగా ఉంటే ఎక్కుడులో ముందు చక్రం లేవదు. మరీ నిటారైతే తారు మీద చేతుల మీద బరువు పడుతుంది.

చైన్‌స్టే: బీబీ నుంచి వెనక ఇరుసు దాకా ఉన్న గొట్టం. 420 నుంచి 440 మి.మీ. పొట్టిదైతే గట్ల మీద చురుగ్గా తిరుగుతుంది. పొడుగైతే ఎక్కుడులో స్థిరంగా ఉంటుంది, వెనక టైరుకి చోటూ ఎక్కువ.

బీబీ డ్రాప్: చక్రాల ఇరుసుల కంటే బాటమ్ బ్రాకెట్ ఎంత కిందుందో ఇది చెప్తుంది. 29 అంగుళాల చక్రాలకి 55 నుంచి 65 మి.మీ. ఉంటే బాగుంటుంది. ఇంకా కిందికి పోతే రాళ్ల మధ్య పెడల్ తగులుతుంది.

ఇప్పుడు అసలు మెలిక. హార్డ్‌టెయిల్‌కి వెనక సస్పెన్షన్ ఉండదు. మీరు ఎక్కగానే ముందు ఫోర్క్ మాత్రమే కుంగుతుంది. అంటే బండి మొత్తం ముందుకి వాలుతుంది. ఫోర్క్ 20 మి.మీ. కుంగితే కోణాలు దాదాపు ఒక డిగ్రీ నిటారవుతాయి. 140 మి.మీ. ఫోర్క్ పావువంతు కుంగిందంటే 35 మి.మీ. కాగితం మీద 65.5 అని ఉన్న హెడ్ యాంగిల్ మీరు కూర్చునేసరికి 67 దాటుతుంది. సీట్ యాంగిల్ 74 ఉన్నది 75.5 పైకి పోతుంది. రీచ్ కూడా 15 మి.మీ. దాకా పెరుగుతుంది. బీబీ కొంచెం కిందికి దిగుతుంది.

అందుకే రెండు సస్పెన్షన్లున్న బండి అంకెలతో హార్డ్‌టెయిల్ అంకెల్ని పోల్చి "ఇది తక్కువగా ఉందే" అనుకోకండి. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: ఈ కొలతలు ఎంత పొడుగు ఫోర్క్‌తో, కుంగకముందా, కుంగిన తర్వాతా అని. అది చదవకుండా రెండు ఫ్రేముల్ని పోల్చకండి. కొన్ని కంపెనీలు కుంగిన కొలతలే ఇస్తాయి.

ఫోర్క్ ఎంత పొడుగు పెట్టొచ్చో ఫ్రేమ్ చేసినవాళ్లు చెప్తారు. 120 నుంచి 140 అని రాస్తే 160 పెట్టకండి. కోణాలు పాడవడమే కాదు, గుంతలో పడినప్పుడు ఆ అదనపు పొడుగంతా గునపంలా డౌన్ ట్యూబ్‌ని (హెడ్ ట్యూబ్ నుంచి బీబీకి దిగే గొట్టం) మెలిపెడుతుంది.

## 4. కొలతల చీటీ: ఏది ఎక్కుతుంది, ఏది ఎక్కదు

నా మొదటి స్టీల్ ఫ్రేమ్ సెకండ్‌హ్యాండ్. వేరే ఊళ్లో ఒకాయన అమ్మాడు. గొట్టం మీద మంచి పేరున్న స్టిక్కర్, గీతలు లేని పెయింట్. టేపర్డ్ ఫోర్క్ (మెడ గొట్టం కింద లావుగా, పైన సన్నగా ఉండేది) ఎక్కుతుందా అని అడిగితే "ఓకే అన్నా, ఏదైనా ఎక్కుద్ది" అన్నాడు. పార్సిల్ విప్పి, ఫోర్క్ తెచ్చి కిందనుంచి తోశాను. మెడ దాకా పోయి ఆగిపోయింది. వెర్నియర్ పెట్టి చూస్తే హెడ్ ట్యూబ్ లోపల 34 మి.మీ. నా ఫోర్క్ కింది భాగం అంగుళంన్నర, అంటే 38 పైమాటే. సర్దుబాటుకి దారే లేదు. ఫ్రేమ్ తొమ్మిది నెలలు గోడకి వేలాడింది. మా ఆవిడ దాని మీద తువ్వాళ్లు ఆరేసేది.

అప్పట్నుంచి డబ్బు కట్టే ముందు ఒక చీటీ నింపడం అలవాటు చేసుకున్నా. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు వెర్నియర్ కాలిపర్ ఒకటి కొనుక్కోండి. దూరంగా ఉన్న అమ్మకందారు చేత వెర్నియర్ పెట్టించి ఫొటో తీయించండి. తీయనన్నవాడి దగ్గర కొనకండి.

- హెడ్ ట్యూబ్ లోపలి వ్యాసం. 44 మి.మీ. ఉంటే కింద బయటి కప్పు వేసి టేపర్డ్ ఫోర్క్ ఎక్కించొచ్చు. పైన 44, కింద 56 ఉన్నది ఇంకా సుఖం. 34 ఉంటే పాత నిటారు ఫోర్కులే గతి; వాటిలో మంచివి దొరకడం కష్టం.
- వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే చోట్లు) మధ్య దూరం, ఇరుసు రకం. 135 క్విక్ రిలీజ్, 142×12, 148×12 బూస్ట్. కొత్తగా చక్రాలు కొనేవాళ్లు 148 చూసుకోండి. చేతిలో 142 చక్రం ఉంటే 142 ఫ్రేమ్ తీసుకోవడంలో తప్పేం లేదు.
- బాటమ్ బ్రాకెట్. 73 మి.మీ. వెడల్పు, మరలున్నది. నొక్కి దిగ్గొట్టే రకం వద్దు. మన దుమ్ములో కిర్రుకిర్రుమంటుంది, దాని పనిముట్లు ఇక్కడ దొరకవు.
- సీట్ ట్యూబ్ లోపలి వ్యాసం. 30.9 లేదా 31.6 అయితే డ్రాపర్లు కావాల్సినన్ని. 27.2 సీట్‌పోస్ట్ కొంచెం మెత్తగా ఊగుతుంది, హాయే, కానీ ఆ కొలతలో డ్రాపర్లు కొన్నే.
- సీట్ ట్యూబ్ ఎంత లోతు నిటారుగా ఉంది. 150 మి.మీ. డ్రాపర్లు మోడల్‌ని బట్టి 220, 250 మి.మీ. లోతు అడుగుతాయి. మధ్యలో వంపు ఉన్నా, సీసా బిగించే మరలు లోపలికి పొడుచుకొచ్చినా అక్కడే ఆగిపోతుంది. సన్నని కర్ర దించి చూడండి.
- బ్రేక్ బిగించే చోటు, గరిష్ఠ రోటర్ (బ్రేక్ డిస్క్) సైజు. ఫ్రేమ్ 180 దాకా అంటే 203 పెట్టకండి.
- గేరు హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగం వేలాడే కొక్కెం). విడిగా ఊడేదైతే ఫ్రేమ్‌తో పాటే రెండు అదనంగా తెప్పించుకోండి. ఫ్రేమ్‌లో భాగమైన స్టీల్ హ్యాంగర్ వంగితే మళ్లీ సరిచేయొచ్చు, ఒకటి రెండుసార్లు.
- ముందు పళ్లచక్రం ఎంత పెద్దది పడుతుంది. 32 పడితే చాలు. తారు ఎక్కువైతే 34 పడాలి.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది ఒకటే: పెద్ద రంధ్రంలో చిన్నది సర్దొచ్చు, చిన్న రంధ్రంలో పెద్దది పట్టదు. 31.6 సీట్ ట్యూబ్‌లో తొడుగు వేసి 27.2 పోస్ట్ పెట్టుకోవచ్చు. తిరగేసి కుదరదు. అనుమానమొస్తే పెద్ద కొలత వైపు మొగ్గండి.

## 5. టైరుకి చోటు

కంపెనీ "29×2.4 పడుతుంది" అంటే పొడి నేల మీద పడుతుందని అర్థం చేసుకోండి. బంక మట్టి అంటుకున్న టైరు ఇంకో టైరంత లావవుతుంది. టైరు పక్కల్నించి చైన్‌స్టేకి రెండు వైపులా కనీసం 6 మి.మీ. ఖాళీ ఉండాలి. వానల్లో తొక్కేవాళ్లకి 10 ఉంటే మంచిది. ఉద్దానం ఇసుకలో తిరిగేవాళ్లు 2.6 పట్టే ఫ్రేమ్ చూసుకోండి.

ఖాళీ చాలకపోతే మట్టి కలిసిన గులక ఉప్పుకాగితంలా చైన్‌స్టే పెయింట్‌ని గీరేస్తుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే.

## 6. ఇప్పుడు స్టీలు పేరు చూడండి

మూడు మెట్లు గుర్తుంటే చాలు.

కింద మెట్టు హై-టెన్సైల్ స్టీల్. తక్కువ ధర సైకిళ్లలో వాడతారు. బలం కోసం గొట్టం మందంగా పెట్టాలి, అందుకే బరువు. ట్రైల్‌కి దీన్ని వదిలేయండి.

మధ్య మెట్టు 4130 క్రోమోలీ. ఇనుములో దాదాపు ఒక శాతం క్రోమియం, 0.2 శాతం మాలిబ్డినం, 0.3 శాతం కార్బన్. సర్లీ వాళ్ల ఫ్రేములు దీంతోనే చేస్తారు. రెనాల్డ్స్ 520 కూడా ఈ కోవదే. మనలో నూటికి తొంభై మందికి ఇది చాలు.

పై మెట్టు వేడిచేసి గట్టిపరిచిన గొట్టాలు: రెనాల్డ్స్ 725, 853 లాంటివి. బలం ఎక్కువ కాబట్టి గోడ పల్చగా చేసి బరువు తగ్గిస్తారు. పల్చని గోడకి రాయి తగిలితే సొట్ట కూడా త్వరగా పడుతుంది.

చాలామంది పొరపడే చోటు ఇది: ఖరీదైన స్టీల్ "మెత్తగా" ఉంటుందని. లేదు. స్టీళ్లన్నిటి బిగుతు దాదాపు ఒకటే. తేడా బలంలో ఉంటుంది. మెత్తదనం గొట్టం లావూ, గోడ మందమూ, వెనక గొట్టాల వంపూ నిర్ణయిస్తాయి. ఆ మాటకొస్తే వెనక టైర్లో మూడు పీఎస్ఐ గాలి తగ్గించి చూడండి. రెండు ఫ్రేముల మధ్య కూడా అంత తేడా మీ నడుముకి తెలియదు.

స్టిక్కర్ దగ్గర అడగాల్సిన ప్రశ్నలు మూడు. గొట్టాలు డబుల్ బటెడ్‌వా, అంటే చివర్లు మందంగా, మధ్య పల్చగా ఉన్నాయా? (0.9, 0.6, 0.9 మి.మీ. లాగ రాస్తారు.) క్రోమోలీ ముందు మూడు గొట్టాలకేనా, వెనకవాటికి కూడానా? మీ సైజు ఫ్రేమ్ తూకం ఎంత? మంచి క్రోమోలీ ట్రైల్ ఫ్రేమ్ 2.3 నుంచి 3 కిలోల మధ్య తూగుతుంది. మూడున్నర దాటితే గొట్టాలు బటెడ్ కాదేమో అని అనుమానించండి.

## 7. తుప్పు: మన సముద్రం పక్కనే ఉంది

భోగాపురం నుంచి కళింగపట్నం దాకా గాలిలో ఉప్పు ఉంది. స్టీల్ ఫ్రేమ్‌ని తినేసేది లోపలినుంచి వచ్చే తుప్పు. బయట పెయింట్ మెరుస్తూనే ఉంటుంది.

నీళ్లు లోపలికి సీట్ ట్యూబ్ దారినే ఎక్కువగా పోతాయి. కాబట్టి ఫ్రేమ్ ఎంచుకునేటప్పుడే బాటమ్ బ్రాకెట్ కింద నీరు కారే చిన్న రంధ్రం ఉందో లేదో చూడండి. లోపల తుప్పు పట్టని పూత ఉన్న ఫ్రేమ్ అయితే ఇంకా మంచిది, కానీ దాని మీదే భరోసా పెట్టుకోకండి.

బిగించే ముందు ప్రతి గొట్టంలోనూ తుప్పునిరోధక ద్రవం పోయాలి. సైకిళ్ల కోసం చేసిన స్ప్రేలున్నాయి. దొరక్కపోతే కారు తలుపుల లోపల కొట్టే మైనం స్ప్రే, అదీ లేకపోతే పెయింట్ షాపులో బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్. పోసి, ఫ్రేమ్‌ని అన్ని వైపులా తిప్పి, ఒక రోజంతా ఆరబెట్టాలి. ఒక జాగ్రత్త: లిన్‌సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూలన పడేయకండి. దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదముంది. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

సీట్‌పోస్ట్ సంగతి విడిగా చెప్పాలి. పోస్ట్ అల్యూమినియం, గొట్టం స్టీలు. రెండిటి మధ్య ఉప్పు తేమ చేరితే తెల్లని పొడి పుట్టి రెండూ అతుక్కుపోతాయి. ఒక వానాకాలమంతా నేను దాన్ని ముట్టుకోలేదు. దసరాకి సీటు దించుదామంటే కదలదు. మా వీధి చివర సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే, సీటు పట్టుకుని ఒక్కసారి తిప్పి చూసి, "ఒగ్గేయ్ బాబూ, ఇంకా తిప్పితే గొట్టం చిరిగిపోద్ది" అన్నాడు. బండిని తలకిందులుగా పెట్టి, కింద బీబీ తీసి, ఆ రంధ్రంలోంచి తుప్పు వదిలించే నూనె పోశాడు. మూడు రోజులు రోజుకి రెండుసార్లు పోసి, నాలుగో రోజు పోస్ట్ తలని బెంచీ వైస్‌లో బిగించి, ఫ్రేమ్‌నే హ్యాండిల్‌లా పట్టుకుని కొంచెం ఇటూ కొంచెం అటూ తిప్పాడు. టక్కుమంది. నా గుండె కూడా టక్కుమంది. పోస్ట్ బయటికొచ్చింది, దాని చుట్టూ సున్నం పూసినట్టు తెల్లని పొడి.

తప్పు నాది, గ్రీజు పెట్టలేదు. ఇప్పుడు చేసేవి:

- సీట్‌పోస్ట్‌కి గ్రీజు, రెండు నెలలకోసారి తీసి తుడిచి మళ్లీ పూత
- వానలో తొక్కొచ్చాక పోస్ట్ తీసి, బండిని గంటసేపు తలకిందులుగా నిలబెట్టడం
- బీచ్ వైపు పోయొస్తే అదే రోజు మంచినీళ్లతో కడగడం. బళ్లు కడిగే ప్రెషర్ పైపు వద్దు
- పెయింట్ లేచిన చోట వెంటనే తుడిచి, ప్రైమర్, ఆపైన ఏదో ఒక రంగు (రంగు కలవకపోతే మానె)

## 8. సెకండ్‌హ్యాండ్ ఫ్రేమ్ చూసే వరస

ముందు తడిగుడ్డతో తుడిచేయండి. మట్టి కింద ఏముందో తుడవనివ్వని అమ్మకందారు దగ్గర ఆగక్కర్లేదు.

టార్చి వేసి ఈ క్రమంలో చూడండి. హెడ్ ట్యూబ్ వెనక, డౌన్ ట్యూబ్ అడుగుభాగం: పెయింట్ ముడతలు పడినా, వేలితో రాస్తే అలల్లా తగిలినా ఫ్రేమ్ ఎదురుగా దేన్నో గుద్దింది. అక్కడితో మాట ఆపేయండి. తర్వాత సీట్ ట్యూబ్ పైన క్లాంప్ బిగించే చీలిక కింది కొస, అక్కడ వెంట్రుకంత పగులు మొదలవుతుంది. ఆపైన కుడి చైన్‌స్టే, బీబీ వెనక, చెయిన్ ఇరుక్కుని చెక్కిన గాట్లు. చివరికి వెనక బ్రేక్ బిగించే చోటు అతుకులు.

చిన్న అయస్కాంతం ఒకటి గొట్టాల వెంట జరపండి. ఎక్కడైనా పట్టు జారితే పెయింట్ కింద పుట్టీ ఉంది.

ఇక వంకర చూసే పద్ధతి. వెనక ఎడమ డ్రాపౌట్‌కి పురికొస కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, కుడి డ్రాపౌట్‌కి బిగుతుగా కట్టండి. పురికొస నుంచి సీట్ ట్యూబ్‌కి రెండు వైపులా దూరం కొలవండి. ఒకటి రెండు మి.మీ. తేడా పర్లేదు. అయిదు ఉంటే వద్దు.

"స్టీలే కదా, విరిగితే ఎక్కడైనా వెల్డింగ్ పెట్టించొచ్చు" అనే మాట బోలెడుసార్లు విన్నాను. సగమే నిజం. గేట్లు, ట్రాలీలు అతికే ఆర్క్ వెల్డింగ్ 0.6 మి.మీ. గొట్టం మీద పెడితే బొక్క పడుతుంది. దీనికి టిగ్ వెల్డింగ్ చేసే చెయ్యి తిరిగిన మనిషి కావాలి. గ్యాస్ మీద ఇత్తడి అతుకు వేసేవాళ్లు చిన్న చిన్న క్లిప్పులు, సీసా మరలు అతకగలరు. హెడ్ ట్యూబ్ దగ్గర పగిలితే మాత్రం నేనైతే ఆ ఫ్రేమ్ మళ్లీ ఎక్కను.

బీబీ కింద నంబరు కొట్టి ఉంటుంది. దాన్ని ఫొటో తీసుకోండి, పాత బిల్లు అడగండి.

## 9. ఖర్చు లెక్క

ఫ్రేమ్ ధర ఒక్కటే చూసి మోసపోవద్దు. హెడ్‌సెట్ (ఫోర్క్ తిరిగే బేరింగులు), సీట్ క్లాంప్, వెనక ఇరుసు, హ్యాంగర్లు ఫ్రేమ్‌తో వస్తాయో లేదో అడగండి. బయటి దేశం నుంచి తెప్పిస్తే సుంకం ఫ్రేమ్ ధర మీదే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి వేస్తారు, ఆపైన జీఎస్టీ. తెప్పించే ముందే ఈ మొత్తం అడిగి తెలుసుకోండి. మిగిలిన డబ్బు ఉంటే ముందు ఫోర్క్ మీద, తర్వాత టైర్ల మీద పెట్టండి.

## 10. ఫ్రేమ్ ఇంటికొచ్చాక బిగించే క్రమం

క్రమం తప్పితే విప్పి మళ్లీ బిగించాల్సిందే.

1. విప్పగానే చీటీలోని కొలతలన్నీ వెర్నియర్‌తో మళ్లీ చూడండి. పురికొస పరీక్ష కొత్త ఫ్రేముకి కూడా చేయండి. తేడా ఉంటే ఏదీ బిగించకుండా, గీత పడకుండా తిరిగి పంపండి.
2. లోపల తుప్పునిరోధక ద్రవం. ఒక రోజు ఆరాలి.
3. బీబీ మరల్లో పెయింట్ ఉంటే ట్యాప్‌తో శుభ్రం చేయించాలి. ఇది విశాఖలో మంచి షాపులో చేయించడమే మేలు.
4. హెడ్‌సెట్. సుత్తితో కొట్టొద్దు. హార్డ్‌వేర్ షాపులో థ్రెడెడ్ రాడ్, రెండు నట్లు, పెద్ద వాషర్లు తెచ్చి, కప్పుల్ని నెమ్మదిగా లోపలికి లాగండి. వంకరగా పోతున్నట్టుంటే ఆపి వెనక్కి తీయండి.
5. ఫోర్క్. స్టీరర్ ట్యూబ్‌ని (ఫోర్క్ మెడ గొట్టం) మొదటిసారే పొట్టిగా కోయకండి. రెండు మూడు స్పేసర్లు ఎక్కువుంచి నెల తొక్కాక కోయండి.
6. బాటమ్ బ్రాకెట్. ఇక్కడే ఎక్కువ ఫ్రేములు పాడవుతాయి. కుడి వైపు కప్పుకి మర తిరగబడి ఉంటుంది: ఎడమకి తిప్పితే బిగుస్తుంది. మామూలు మెకానిక్ అలవాటుగా కుడికి తిప్పి బలం పెడితే మరలు పోతాయి. పక్కన నిలబడి చెప్పండి. ముందు చేత్తో మూడు నాలుగు చుట్లు సాఫీగా పోవాలి, ఆ తర్వాతే పనిముట్టు.
7. సీట్‌పోస్ట్‌కి గ్రీజు పెట్టి దించండి.
8. చక్రాలు, బ్రేకులు, గేర్లు, చివరికి కేబుళ్లు. కేబుల్ పెయింట్‌కి రాసుకునే ప్రతి చోటా ముందే టేపు వేయండి.

మొదటి రోజు దగ్గర్లోని మట్టి దారి చాలు, పదిహేను ఇరవై కిలోమీటర్లు. తిరిగొచ్చాక స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి పట్టే ముక్క), క్రాంక్, ఇరుసు, బ్రేక్ బోల్టులు టార్క్ రెంచితో మళ్లీ చూడండి. ముందు బ్రేక్ పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపినప్పుడు హెడ్‌సెట్ దగ్గర టిక్కుమని కదిలితే అది ఇంకా కూర్చోలేదన్నమాట: స్టెమ్ బోల్టులు వదులుచేసి, పై మూత పావు చుట్టు బిగించి, మళ్లీ స్టెమ్ బిగించండి. రెండో రైడ్ తర్వాత ఇంకోసారి ఊపి చూడండి.